బంటు నీది... ఆట నాది!

చదరంగంలో నల్లపావులు పట్టుకున్నవాడు బల్ల ముందు కూర్చునేసరికే ఒక అడుగు వెనక ఉంటాడు. మొదటి ఎత్తు తెల్లవాడిది. పెద్ద పోటీల లెక్కలు తీస్తే వంద ఆటల్లో తెల్లపావులకి 54, 55 పాయింట్లు వస్తాయి, మిగిలినవి నల్లపావులకి. చూడ్డానికి చిన్న తేడానే. గ్రాండ్‌మాస్టర్ల బతుకంతా ఆ చిన్న తేడా మీదే నడుస్తుంది. నల్లపావులు వచ్చిన రోజు డ్రా దొరికితే చాలనుకుని లేచి వెళ్లేవాళ్లే ఎక్కువ.

అలాంటిది 2024 చివర్లో వంద రోజుల్లోపే ముగ్గురు తెలుగువాళ్లు నల్లపావులతో మూడు పెద్ద ఆటలు గెలిచారు. సెప్టెంబర్ 22న బుడాపెస్ట్ ఒలింపియాడ్ ఆఖరి రౌండ్‌లో వరంగల్ కుర్రాడు ఇరిగేసి అర్జున్ స్లొవేనియా ఆటగాడు యాన్ షుబెల్‌ని ఓడించాడు. ఓపెన్ విభాగంలో మన దేశానికి మొట్టమొదటి బంగారు పతకం ఆ రోజే వచ్చింది. డిసెంబర్ 12న సింగపూర్‌లో, చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్, డింగ్ లిరెన్‌తో 14వ ఆటని 58 ఎత్తుల్లో గెలిచి ప్రపంచ విజేత అయ్యాడు. డిసెంబర్ 28న న్యూయార్క్‌లో కోనేరు హంపి ఆఖరి రౌండ్‌లో ఇండొనేసియా క్రీడాకారిణి ఐరీన్ సుకందర్‌ని ఓడించి రెండోసారి ప్రపంచ మహిళల ర్యాపిడ్ కిరీటం ఎత్తుకుంది. మొదటి రౌండే ఓడిపోయిన పోటీ అది!

నల్లపావులతో గెలవడానికి ఈ రోజుల్లో అందరూ నమ్మే దారి ఓపిక. గుకేశ్‌నే చూడండి. ఒక్క బంటు ఆధిక్యంతో ఎదుటివాడికి ఊపిరాడనీయకుండా కూర్చున్నాడు. డింగ్ చెయ్యి 55వ ఎత్తులో తడబడింది.

ఇంకో దారి కూడా ఉంది. పాతది, పెద్దలు వద్దనేది, కుర్రాళ్లు మాత్రం ఎగబడేది. ఆట మొదలైన రెండో ఎత్తుకో మూడో ఎత్తుకో ఒక బంటుని తీసుకెళ్లి ఎదుటివాడి నోటి దగ్గర పెట్టడం. దాని పేరు గాంబిట్.

ఉక్కు ఊరు భిలాయ్‌లో ఏ సెక్టార్‌లోనైనా సాయంత్రం క్వార్టర్ ముందు బల్ల పరిచినచోట ఈ సంభాషణ వినపడుతుంది.

“తీసుకోరా, ఊరికే ఇస్తుంటే ఆలోచిస్తావేంటి?”

“వద్దు బాబాయ్, ఇందులో ఏదో ఉంది.”

ఉంది. అదేమిటో ఒక పాత ఆట పట్టుకుని చూద్దాం. గెలిచినవాడు చదరంగం మీద బతికినవాడు కాదు, ట్రాన్స్‌ఫార్మర్ల ఇంజినీరు. ఉక్కు ఊరివాళ్లకి ఇంతకంటే దగ్గరి చుట్టం ఎవరుంటారు?

చిట్టీ పాట లెక్క

గాంబిట్‌ని త్యాగం అనడం నాకు నచ్చదు. త్యాగం చేసినవాడు తిరిగి అడగడు. ఇక్కడ పైసాతో సహా అడుగుతాడు. చిట్టీ పాటతో పోలిస్తే సరిగ్గా ఉంటుంది. లక్ష రూపాయల చిట్టీని నష్టానికి పాడుకుని ఎనభై వేలకే ఎత్తుకునేవాడు పిచ్చివాడు కాదు. డబ్బు వాడికి ఈ నెలే కావాలి. ఆ ముందొచ్చిన డబ్బుని పనిలో పెట్టాడా, గెలిచాడు. బీరువాలో దాచాడా, ఇరవై వేలు గాలికి పోయినట్టే. గాంబిట్ ఆడినవాడు వదులుకునేది బంటుని, కొనుక్కునేది కాలాన్ని. ఎదుటివాడు ఆ బంటుని తినడానికి ఒక ఎత్తు, దాచుకోవడానికి ఇంకో రెండు ఎత్తులు ఖర్చుపెడతాడు. ఈలోగా నీ గుర్రాలు, శకట్లు బయటికి రావాలి. వచ్చి ఊరికే నిలబడితే లాభం లేదు, ఏదో ఒకదాని మీద పడాలి.

తెల్లవాడు గాంబిట్ ఆడితే అర్థముంది, చేతిలో ఎలాగూ ఒక ఎత్తు ఎక్కువుంది. నల్లవాడు ఆడితే? ముందే ఒక అడుగు వెనక, పైగా ఒక బంటు తక్కువ. అందుకే పుస్తకాల్లో నల్లపావుల గాంబిట్‌ల పక్కన ‘అనుమానాస్పదం’ అనే ముద్ర తరచూ కనపడుతుంది.

మన పాత ఆటలో ఈ గొడవ లేదు. రచ్చబండల మీద ఆడిన చదరంగంలో చాలా చోట్ల బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదిలేది. రెండు సేనలూ తాపీగా మోహరించుకునేవి. రెండో ఎత్తుకే బంటుని బలిపెట్టే తొందర యూరప్ నియమాలతో వచ్చింది. పంజాబ్ నుంచి వెళ్లిన మీర్ సుల్తాన్ ఖాన్ మన పద్ధతిలో నేర్చుకున్న ఆటతోనే ఇంగ్లండ్ చేరి, 1930-31 హేస్టింగ్స్ పోటీలో మాజీ ప్రపంచ విజేత కాపబ్లాంకా అంతటివాడిని ఓడించాడు. ఓపెనింగ్ పుస్తకాలు మాత్రం ఆయనకి కడదాకా కొరుకుడు పడలేదు.

బెర్లిన్, 1918 ఏప్రిల్

యుద్ధం నాలుగో ఏడు. జర్మనీలో తిండికి కటకట. ఆ పరిస్థితిలో నలుగురిని పిలిచి బెర్లిన్‌లో ఒక చిన్న పోటీ పెట్టారు. ఒక్కొక్కరు మిగతా ముగ్గురితో రెండేసి ఆటలు ఆడాలి. వచ్చిన నలుగురిలో మొదటివాడు ఆకిబా రూబిన్‌స్టీన్, పోలండ్ యూదుడు. 1912లో ఒక్క ఏడాదే అయిదు పెద్ద పోటీల్లో మొదటి స్థానంలో నిలిచాడు. ప్రపంచ విజేత లాస్కర్‌తో ఆయన పోరు దాదాపు ఖాయమైన వేళ 1914లో యుద్ధం వచ్చి దాన్ని మింగేసింది. రెండోవాడు వియన్నా పెద్దమనిషి కార్ల్ ష్లెక్టర్. 1910లో ఇదే లాస్కర్‌తో 5-5 సమం చేసి, అంగుళం దూరంలో కిరీటం పోగొట్టుకున్నాడు. మూడోవాడు దాడి ఆటకి పేరుపడ్డ జాక్ మీసెస్. నాలుగోవాడు మిలాన్ విద్మార్.

విద్మార్ 1885లో ల్యుబ్ల్యానాలో పుట్టాడు, ఇప్పటి స్లొవేనియా రాజధానిలో. అర్జున్ ఓడించిన షుబెల్ దేశమే. వియన్నాలో ఇంజినీరింగ్ చదివి 1911లో డాక్టరేట్ తీసుకున్నాడు. ఆయన పని పవర్ ట్రాన్స్‌ఫార్మర్లు. వాటి మీద ఆయన జర్మన్‌లో రాసిన పుస్తకాన్ని ఇంజినీర్లు ఏళ్ల తరబడి వాడారు. తర్వాత ప్రొఫెసర్ అయ్యాడు, ల్యుబ్ల్యానా విశ్వవిద్యాలయానికి రెక్టార్ కూడా అయ్యాడు. చదరంగం ఆయనకి సెలవు రోజు వ్యవహారం. సెలవు రోజు వ్యవహారంగానే 1922 లండన్ పోటీలో కాపబ్లాంకా, అలెఖిన్‌ల తర్వాత మూడో స్థానంలో నిలిచాడు! ఇప్పుడు ఊహించడం కూడా కష్టం.

బెర్లిన్‌లో మొదటి రౌండే విద్మార్‌కి నల్లపావులు పడ్డాయి, ఎదురుగా రూబిన్‌స్టీన్. మంత్రి ముందరి బంటుని తోసి, ఎదుటివాడిని అంగుళం అంగుళం నలిపే మనిషి. ఏం ఆడాలో విద్మార్‌కి పాలుపోలేదు. బుడాపెస్ట్‌లో ఇస్త్వాన్ అబోని అనే స్నేహితుడున్నాడు. ఆరేళ్ల తర్వాత ప్యారిస్‌లో ప్రపంచ చదరంగ సమాఖ్య పుట్టినప్పుడు సంతకాలు చేసినవాళ్లలో ఈ అబోని ఒకడు. సలహా అడిగితే అబోని ఒక సరుకు చూపించాడు. తానూ, బరాస్, బ్రేయర్ కలిసి బుడాపెస్ట్‌లో సానబెడుతున్న ఓపెనింగ్. 1896లోనే ఒకసారి కనపడి మరుగునపడ్డది. 1916లో బ్రేయర్ దాన్ని ఒక డచ్ సర్జన్ మీద ప్రయోగించాడు. ప్రపంచ స్థాయి ఆటగాడి మీద మాత్రం అప్పటిదాకా ఎవరూ వాడలేదు. దాని పేరు ఇప్పుడు బుడాపెస్ట్ గాంబిట్.

ఇరవై నాలుగు ఎత్తులు

బల్ల ఉంటే పక్కన పెట్టుకోండి. తెల్లవాడి ఎడమ నుంచి కుడికి ఎ నుంచి హెచ్ దాకా నిలువు వరుసలు, కింది నుంచి పైకి 1 నుంచి 8 దాకా అడ్డ వరుసలు. మూల ఉండేది ఏనుగు, రాజు, మంత్రులకి అటూ ఇటూ ఉండేవి శకట్లు. భిలాయ్ పిల్లలు హిందీ స్నేహితుల నోటివెంట విని ‘ఊంట్’ అనేది వీటినే.

రూబిన్‌స్టీన్ డి4 తోశాడు. విద్మార్ గుర్రాన్ని ఎఫ్6కి దూకించాడు. తెల్లబంటు సి4. ఇంతవరకూ రోజూ చూసేదే. రెండో ఎత్తుగా విద్మార్ రాజు ముందరి బంటుని ఇ5లోకి, తిన్నగా డి4 బంటు నోట్లోకి తోశాడు. రూబిన్‌స్టీన్ తిన్నాడు. నల్లగుర్రం జి4కి గెంతి, ఇ5లో కూర్చున్న ఆ బంటు మీద కన్నేసింది.

ఇప్పుడు ఆ ఒక్క బంటు చుట్టూ వేలం మొదలైంది. తెల్లశకటు ఎఫ్4కి వచ్చి కాపలా. నల్లవాడి రెండో గుర్రం సి6కి వచ్చి ఇంకో దాడి. తెల్లగుర్రం ఎఫ్3కి వచ్చి ఇంకో కాపలా. నల్లశకటు బి4 నుంచి రాజుకి చెక్, తెల్లగుర్రం సి3లో అడ్డం. నల్లమంత్రి ఇ7కి. దాడి చేసేవాళ్లు ముగ్గురయ్యారు. ఏడో ఎత్తులో తెల్లమంత్రి డి5కి పరుగెత్తుకొచ్చింది. కాపలా ముగ్గురు. లెక్క సరిపోయింది, బంటు నిలిచింది.

నిలిచింది కానీ, తెల్లవాడి ఇల్లు చూడండి. రాజు మొదట నిలబడ్డచోటే ఉన్నాడు. ఎఫ్1లో శకటు, హెచ్1లో ఏనుగు నిద్ర లేవలేదు. మంత్రి ఒంటరిగా బల్ల నడిబొడ్డున, ఎవడు వచ్చి తరిమినా పోవాల్సినచోట నిలబడింది.

విద్మార్ తన శకటుని సి3 గుర్రానికి మార్చుకుని, తెల్లవాడి బంట్లని ఒకదాని వెనక ఒకటిగా ఇరికించాడు. వెంటనే నల్లమంత్రి ఎ3కి దిగింది. సి3 బంటుని కాయడానికి తెల్లఏనుగు సి1కి కట్టుబడింది. తొమ్మిదో ఎత్తు ఎఫ్6, ఈ ఆటలో నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. “అంత ముద్దుగా కాచుకుంటున్నావుగా, ఇంకొకటి కూడా తిను” అన్నట్టు. తెల్లబంటు ఎఫ్6లో తింది, నల్లగుర్రం దాన్ని తింటూ తెల్లమంత్రి మీదకి వచ్చింది. మంత్రి డి2కి వెనక్కి. విద్మార్‌కి ఇంకా ఒక బంటు తక్కువే. కానీ ఎఫ్ నిలువు వరుస అతని ఏనుగుకి తెరుచుకుంది. డి6 తోసి, ఆ తర్వాతి ఎత్తులో విద్మార్ రాజుకి కోట కట్టాడు. ఆ వరుస మొదట్లో నల్లఏనుగు, అవతల ఎఫ్4లో తెల్లశకటు ఎదురెదురుగా నిలిచాయి.

డి4లో ఒక జత గుర్రాలు మారి, సి3 తెల్లబంటు అక్కడికి చేరింది. 14వ ఎత్తులో మిగిలిన నల్లగుర్రం ఇ4కి వచ్చి మంత్రిని మళ్లీ, ఈసారి సి2కి, కదిపింది. 15లో నల్లమంత్రి ఎ5 నుంచి చెక్. తెల్లరాజు ఇ2కి. ఇక కోట లేదు, దాపు లేదు. 16వ ఎత్తులో నల్లఏనుగు ఎఫ్4 శకటుని కొట్టింది. బంటుతో మొదలైన బేరం ఏనుగు దాకా వచ్చింది! రూబిన్‌స్టీన్ ఏనుగుని తిన్నాడు. నల్లశకటు ఎఫ్5కి వచ్చి గుర్రం వెనక పొంచింది. గుర్రం పక్కకి తప్పుకుంటే శకటు చూపు తిన్నగా సి2లో ఉన్న మంత్రి మీద పడుతుంది. మంత్రి బి2కి పారిపోయింది. రెండో ఏనుగు ఇ8కి వచ్చి రాజు ఎదురుగా నిలబడింది.

ఇక వేట. రాజు ఎఫ్3. గుర్రం డి2కి దూకి చెక్. ఆ గుర్రాన్ని మంత్రితో తినొచ్చు కదా అంటారేమో, ఎ5లో నల్లమంత్రి కాచుకుని ఉంది, తింటే మంత్రే పోతుంది. రాజు జి3. గుర్రం మళ్లీ ఇ4, చెక్. రాజు హెచ్4. ఏనుగు ఇ6కి. అప్పుడు, 22వ ఎత్తులో, తెల్లవాడి ఎఫ్1 శకటు ఆటలో మొదటిసారి కదిలింది. ఏనుగు హెచ్6 నుంచి చెక్ ఇచ్చింది. శకటు హెచ్5లో అడ్డం పడింది. ఏనుగు దాన్నీ కొట్టింది. రాజు ఆ ఏనుగుని తిని హెచ్5లో నిలిచాడు. శకటు జి6 నుంచి చెక్.

రూబిన్‌స్టీన్ ఓటమి ఒప్పుకున్నాడు. రాజుకి మిగిలినవి రెండే గడులు, జి4, హెచ్4. ఏ గడికి పోయినా ఎ5లో ఉన్న నల్లమంత్రి ఖాళీగా పడి ఉన్న అయిదో వరుస వెంట ఈ చివర నుంచి ఆ చివరకి, హెచ్5కి, వచ్చి కట్టేస్తుంది. ఆ క్షణాన లెక్క చూడండి. రూబిన్‌స్టీన్ చేతిలో మంత్రి, రెండు ఏనుగులు. విద్మార్ దగ్గర ఒక్క ఏనుగు కూడా లేదు, రెండూ ఇచ్చేశాడు. హెచ్1లో తెల్లఏనుగు ఆట మొదట్లో పెట్టినచోటు నుంచి కదలనేలేదు.

బంటు మీద ఆశపడి రూబిన్‌స్టీన్ ఓడాడని చాలామంది తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. మంత్రిని డి5కి తేవడం ఇవాళ్టికీ చెల్లే ఎత్తే. బంటుని తినడం తప్పు కాదు, కాచుకోవడమూ తప్పు కాదు. కాచుకుంటున్నంతసేపు రాజుని మర్చిపోవడం దగ్గర వచ్చింది చిక్కు. ఆయన మంత్రి ఈ చిన్న ఆటలో నాలుగుసార్లు కదిలింది, శకటుకి దారి తెరిచే ఇ3 బంటు 13వ ఎత్తుదాకా కదల్లేదు. గాంబిట్ ఆడినవాడు కోరుకునేది సరిగ్గా ఇదే.

విద్మార్ ఆ ఊపుతో పోటీయే గెలిచాడు. రూబిన్‌స్టీన్ మీద అదే గాంబిట్‌ని మిగతా ఇద్దరూ ప్రయోగించారు. మీసెస్ గెలిచాడు, ష్లెక్టర్ డ్రా చేశాడు. ఆ ఏడాది డిసెంబర్‌లో ష్లెక్టర్ బుడాపెస్ట్‌లో కన్నుమూశాడు, యుద్ధకాలపు పస్తులతో చిక్కి శల్యమై. బ్రేయర్ 1921లో పోయాడు, ముప్పై కూడా నిండలేదు.

ఇద్దరు ఎలక్ట్రికల్ ఇంజినీర్లు, ఒక ఉక్కు ఊరు

భిలాయ్ కర్మాగారానికి సోవియట్ దేశంతో ఒప్పందం 1955 ఫిబ్రవరి 2న కుదిరింది. ఏటా పది లక్షల టన్నుల ఉక్కు తీయాలని మొదటి లక్ష్యం. నాలుగేళ్ల రెండు రోజులకి, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని ప్రారంభించారు. దల్లీ రాజ్‌హరా కొండల ఇనుపరాయి, సోవియట్ యంత్రాలు, దేశం నలుమూలల నుంచి వచ్చిన చేతులు. ఆ చేతుల్లో తెలుగువి చాలా. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్ రైలెక్కి వచ్చి, దుర్గ్ చుట్టుపక్కల పాతుకుపోయిన కుటుంబాలకి ఇప్పుడు మూడో తరం నడుస్తోంది.

ఆ ఊరు కట్టిన దేశం ఆ రోజుల్లో చదరంగానికి మకుటం లేని... కాదు, మకుటం ఉన్న మహారాజు. ఒప్పందం కుదిరిన నాటి నుంచి 1972లో రెయిక్యవిక్‌లో స్పాస్కీని బాబీ ఫిషర్ ఓడించేదాకా ప్రపంచ కిరీటం సోవియట్ గడప దాటలేదు. బోత్వినిక్, స్మిస్లోవ్, తాల్, పెట్రోస్యాన్, స్పాస్కీ. కిరీటం చేతులు మారినప్పుడల్లా అది ఇంటి వ్యవహారమే. ఫిషర్ గెలిచిన 1972లోనే భిలాయ్‌లో రెండు దేశాల స్నేహానికి గుర్తుగా మైత్రీ బాగ్ వెలిసింది. అదే ఏడాది మద్రాసులో సోవియట్ సాంస్కృతిక కేంద్రంలో తాల్ పేరుతో చదరంగం క్లబ్ తెరుచుకుంది. విశ్వనాథన్ ఆనంద్ చిన్నప్పుడు ఆడుకున్న చోటు అదే.

వీళ్లలో బోత్వినిక్ ఎలక్ట్రికల్ ఇంజినీరు, విద్మార్ లాగే. డాక్టరేటూ అందులోనే. 1948లో ఖాళీగా ఉన్న ప్రపంచ సింహాసనం కోసం హేగ్‌లోనూ మాస్కోలోనూ అయిదుగురు పోటీపడ్డారు, బోత్వినిక్ గెలిచాడు. ఆ పోటీకి న్యాయనిర్ణేత ఎవరనుకున్నారు? మిలాన్ విద్మార్. బల్లకి ఒక పక్క ఆడుతూ ఒక ఇంజినీరు, పక్కన నిలబడి గడియారాలు చూస్తూ ఇంకో ఇంజినీరు. ఉద్యోగం చేసుకుంటూ చదరంగం పైమెట్టు ఎక్కిన తరానికి దాదాపు చివరి వరస వాళ్లు.

నల్లపావుల గాంబిట్‌లలో సోవియట్ మట్టివాసన ఉన్నది ఇంకొకటి ఉంది, వోల్గా గాంబిట్. నది ఒడ్డున కుయిబిషెవ్ నగరం, ఇప్పటి సమారా. అక్కడి ఆర్గునోవ్ 1946లో సోవియట్ చదరంగ పత్రికలో దీని గురించి రాశాడు, నది పేరే స్థిరపడింది. హంగరీ నుంచి అమెరికా వెళ్లిన పాల్ బెంకో దీన్ని విరివిగా ఆడి 1974లో పుస్తకం వేశాక పడమటి దేశాల్లో బెంకో గాంబిట్ అయింది. దీని తీరు బుడాపెస్ట్‌కి పూర్తిగా వేరు. మూడో ఎత్తుకి బి బంటుని ఇచ్చేస్తారు, దాడి మాత్రం వెంటనే రాదు. ఎ, బి వరుసలు తెరుచుకుంటాయి, రెండు ఏనుగులు అక్కడ చేరతాయి, ఇక గంటలకొద్దీ ఒత్తిడి. మంత్రులు మారిపోయాక కూడా ఆ ఒత్తిడి తగ్గదు. బంటు ఇచ్చినవాడు ఆట చివరిదాకా తీరిగ్గా వసూలు చేసుకుంటాడు. షిఫ్ట్ డ్యూటీ మనిషికి నప్పే గాంబిట్ ఇదేనని నా అభిప్రాయం.

ఓడిన గాంబిట్ కూడా బతుకుతుంది

అదే 1918. అక్టోబర్, న్యూయార్క్. ఫ్రాంక్ మార్షల్ నల్లపావులతో కాపబ్లాంకా మీద కొత్త గాంబిట్ తీశాడు. ఎనిమిదో ఎత్తులో బంటుని వదిలి రాజు మీదకి మొత్తం సేనని తోలాడు. దీన్ని కాపబ్లాంకా కోసమే ఏళ్ల తరబడి దాచి ఉంచాడని కథ చెబుతారు, చరిత్రకారులు నమ్మరు. కాపబ్లాంకా ఎప్పుడూ చూడని దాడిని బల్ల దగ్గరే ఒక్కో ఎత్తూ విప్పుకుంటూ తట్టుకుని గెలిచాడు. బెర్లిన్‌లో గెలిచిన గాంబిట్ ముందుందా, న్యూయార్క్‌లో ఓడిన గాంబిట్ ముందుందా? ఓడినదే! మార్షల్ దాడి ఇవాళ పై స్థాయిలో నిత్యం కనపడే సరుకు. 1965లో తాల్‌తో పోరులో స్పాస్కీకి అదే డాలు. అందుకే దాన్ని తప్పించుకోవడానికి తెల్లవాళ్లు వేరే దారులు వెతుక్కుంటున్నారు.

2004లో స్విట్జర్లాండ్‌లోని బ్రిస్సాగోలో ప్రపంచ పోరు ఎనిమిదో ఆట మరీ విచిత్రం. తెల్లపావులతో క్రామ్నిక్ ఇంట్లో కంప్యూటర్ దగ్గర తయారుచేసుకొచ్చిన వరుసతో మార్షల్ దాడిలోకి దిగాడు. యంత్రం తెల్లవాడిదే గెలుపు అంది. పీటర్ లేకో బల్ల దగ్గర కూర్చుని యంత్రం తొందరలో చూడని మెలిక పట్టుకున్నాడు. 32 ఎత్తుల్లో నల్లపావులు గెలిచాయి. కిరీటం మాత్రం లేకోకి దక్కలేదు, ఆఖరి ఆట గెలిచి అప్పటి విజేత క్రామ్నిక్ 7-7 చేసుకుని గట్టెక్కాడు.

ఇవాళ ఫోన్‌లో ఉన్న ఇంజిన్‌కి బుడాపెస్ట్ గాంబిట్ పెట్టి చూడండి, మొహం చిట్లించినట్టు తెల్లవాడికి కాస్త మొగ్గు చూపిస్తుంది. పై స్థాయిలో అరుదుగానే కనపడుతుంది, అదీ ఎదుటివాడిని ఉలిక్కిపడేలా చేయడానికి. కింది స్థాయి పోటీల్లో మాత్రం దాని పంట పండుతూనే ఉంది. ఒక్క ఉచ్చు చెబుతాను. విద్మార్ ఆటలోలాగే నల్లశకటు బి4 నుంచి చెక్ ఇచ్చినప్పుడు, సి3లో కాకుండా డి2లో గుర్రం అడ్డం పెట్టారనుకోండి. నల్లమంత్రి ఇ7కి వస్తుంది. శకటుని పొమ్మని తెల్లవాడు ఎ3 తోస్తాడు. నల్లవాడు శకటుని పట్టించుకోకుండా జి4 గుర్రంతో ఇ5 బంటుని తింటాడు. శకటు ఊరికే దొరికిందని తెల్లబంటు బి4లో తిన్నదా, గుర్రం డి3కి దూకుతుంది, కట్టు! రాజు చుట్టూ సొంత పావులే గోడలు. డి3 గుర్రాన్ని ఇ2 బంటు తినబోతే ఇ7 నుంచి మంత్రి చూపు తిన్నగా రాజు మీద, కాబట్టి తినడానికి లేదు. ఎనిమిది ఎత్తుల ఆట. పిల్లలు దీన్ని ఒక్కసారి నేర్చుకుంటే ఊళ్లో ఎవరినీ వదలరు.

ఉక్కుకీ చదరంగానికీ చుట్టరికం భిలాయ్‌లోనే మొదలవలేదు, నిజానికి. నెదర్లాండ్స్‌లో సముద్రం ఒడ్డున హూగోవెన్స్ ఉక్కు కర్మాగారం 1938లో ఒక చిన్న పోటీ మొదలుపెట్టింది. 1968 నుంచి అది వైక్ ఆన్ జీ అనే పల్లెలో జరుగుతోంది. కర్మాగారం చేతులు మారి 2007లో టాటాల పరమైంది, 2011 నుంచి పోటీ పేరు కూడా టాటా స్టీల్. అక్కడ ఇప్పటికీ ప్రపంచ విజేతలు ఆడే హాల్లోనే వందలమంది మామూలు ఆటగాళ్లు బల్లలు పరుచుకుంటారు. ఆ పోటీ రెండో విభాగంలో 2012లో గుంటూరు పెంటేల హరికృష్ణ, 2022లో ఇరిగేసి అర్జున్ మొదటి స్థానంలో నిలిచారు. అర్జున్ 2024 డిసెంబర్ రేటింగ్ జాబితాలో 2801 చూశాడు, మన దేశంలో ఆనంద్ తర్వాత 2800 గీత దాటింది అతనే.

2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్ బంగారం తెచ్చిన రెండు జట్లలో తెలుగువాళ్లు గుకేశ్, అర్జున్, హరికృష్ణ, ద్రోణవల్లి హారిక. అబోని, బ్రేయర్ బంటుని బలిపెట్టడం సాధన చేసిన ఊళ్లోనే, మూడో బల్ల మీద అర్జున్ పదకొండు ఆటల్లో పది పాయింట్లు తీసి వ్యక్తిగత బంగారం కూడా పట్టుకొచ్చాడు.

విద్మార్ 1962లో పోయాడు. ల్యుబ్ల్యానాలో ఆయన పెట్టిన విద్యుత్ పరిశోధన సంస్థకి ఆయన పేరే ఉంది. రూబిన్‌స్టీన్ అంతకు ఏడాది ముందు, 1961లో, యాంట్‌వర్ప్‌లో పోయాడు, మనసు చెదిరి ఆటకి దూరమై అప్పటికి దాదాపు ముప్పై ఏళ్లు. బుడాపెస్ట్ గాంబిట్ మీద పుస్తకం తెరిస్తే తెల్లవాడి నాలుగో ఎత్తు దగ్గర రెండు దారులు ప్రముఖంగా కనపడతాయి. ఒకటి ఇ4 తోసి, బంటుని తిరిగిచ్చి, నడిబల్లని తీసుకునేది. అది అలెఖిన్ పేరు మీద ఉంది. రెండోది శకటుని ఎఫ్4లో పెట్టి బంటుని కాచుకునేది. దానికి పెట్టిన పేరు రూబిన్‌స్టీన్ వేరియేషన్.